గూడ్సు బండికి దారిచ్చిన బాబాయి

మా బాబాయి పోయారన్న కబురు నేను టాటానగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉండగా ఫోనులో వచ్చింది. చెప్పింది పిన్నే. ఖరగ్‌పూర్‌లో మా ఝపటాపూర్ బజార్లోని ఎస్టీడీ బూత్ నుంచి, వెనకాల రిక్షా బెల్లులు మోగుతుండగా, గొంతు తొణక్కుండా చెప్పింది.

"మీ బాబాయి పోయినారమ్మా. పొద్దున్న ఆరూ పదికి. కాఫీ తాగీసినారు, పేపరు సగం సదివినారు, అంతే. నొప్పీ గిప్పీ ఏటీ లేదు. నువ్వు కంగారుపడి ఇప్పుడొచ్చే పాసింజరెక్కకు, దాన్ని దార్లో ఆపీస్తారు. ఎనకాల ఎక్స్‌ప్రెస్ ఉన్నాది, అదే ముందొస్తాది."

మనిషి పోయిన కబురులో కూడా టైము, కారణం, ముందు పట్టాల మీద ఏముందో అన్నీ వరసగా చెప్పిన ఆవిడ మాట విని, నాకు ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి మరి! ఆ తర్వాత ఏడ్చాననుకోండి. రైల్లో ఎదురు సీట్లో బెంగాలీ ముసలాయన తన ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చి ఊరుకోబెట్టేంతగా ఏడ్చాను. దారిలో ఒక స్టేషన్లో పక్క పట్టా మీద ఆ పాసింజరు నిలబడి ఉంది. పిన్ని చెప్పినట్టే దాన్ని దాటేశాం.

బాబాయి అంటే మా నాన్నకు తమ్ముడేమీ కాదు. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళకి వరసలు కలపడానికి రక్తం అక్కర్లేదు, ఒకే వీధి చాలు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. పిల్లల్లేరు. రైల్వే కంట్రోలు ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. కంట్రోలర్ ఏం చేస్తాడో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగిలినవారి కోసం చెబుతాను, ఎందుకంటే ఈ కథంతా ఆ కాగితం మీదే నడిచింది.

బల్ల మీద ఒక పెద్ద కాగితం పరుచుకుంటారు. ఎడమవైపు పైనుంచి కిందికి స్టేషన్ల పేర్లు. అడ్డంగా గంటలూ నిమిషాలూ. ఒక్కో బండికి ఒక్కో ఏటవాలు గీత. బండి ఎక్కడికి ఎన్నింటికి చేరాలో ముందు పెన్సిల్‌తో సన్నగా గీస్తారు. నిజంగా చేరిందని స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పాక ఆ గీత మీదే ముదురుగా దిద్దుతారు. మెయిలుకి ఎరుపు, పాసింజరుకి నీలం, గూడ్సుకి నలుపు. ఒకే పట్టా మీద రెండు బండ్లు తారసపడే చోట ఒకదాన్ని పక్కనున్న లూప్ లైన్లోకి తప్పించి, రెండోదాన్ని పోనివ్వాలి. ఎవర్ని ఆపాలి, ఎవర్ని పంపాలి. బాబాయి బతుకంతా చేసిన పని ఇదే.

రిటైరయ్యాక కూడా ఆ పని ఆయన్ని వదల్లేదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే 'బాగున్నారా' అని అడిగేవారు కాదు. "ఎక్కడనుంచి? ఎంత లేటు?" అని అడిగేవారు. చొక్కా జేబులో బ్లేడుతో చెక్కిన మూడు పెన్సిళ్ళు ఎప్పుడూ ఉండేవి. ఇస్త్రీ చొక్కాలన్నిటికీ జేబు దగ్గర మరకలే, పిన్ని వాటిని చూసి రోజూ విసుక్కునేది. రావడం ఆలస్యమైతే ఆయనకి కోపం రాదు. ఆలస్యమవుతుందని ముందే కబురు పెట్టకపోతే మాత్రం ముఖం మాడ్చుకునేవారు. "బండి ఆగితే ఎవుడూ తిట్టడు గుంటా. ఏల ఆగినాదో సెప్పకపోతే తిడతాడు," అనేవారు. గుంట అంటే ఆడపిల్ల, అంటే నేనే. కాలేజీలో కంప్యూటర్ చదివాక నాకు కంప్యూటర్ గుంట అని ప్రమోషన్ ఇచ్చారు.

ఎనభైల చివర్లో మేం ముగ్గురం కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టుకున్నాం. నేనూ, ఇంజనీరింగ్ చదవడానికి ఆంధ్రా నుంచి ఇక్కడికొచ్చి వెనక్కి వెళ్ళకుండా ఉండిపోయిన ఇద్దరు కుర్రాళ్ళూ. ఫ్యాక్టరీల్లో ఏ యంత్రం మీద ఏ పని ఎప్పుడు జరగాలో కంప్యూటర్‌తో ముందే లెక్కకట్టి ఇవ్వడం మా పని. మాకు దొరికింది ఒక్కటే ఫ్యాక్టరీ. ఊళ్ళోనే పూరీ గేట్ అవతల, పంపులూ వాల్వులూ చేసే షాపు. ముప్పై మంది పనివాళ్ళు, తొమ్మిది యంత్రాలు. యజమాని మార్వాడీ పెద్దమనిషి, మర్యాదస్తుడు, కానీ ఓపిక తక్కువ. "విశ్వకర్మ పూజ దాకా చూస్తాను. పనికొస్తే ఉంచుకుంటా, లేదంటే డబ్బా తీసుకెళ్ళిపోండి," అన్నారు. డబ్బా అంటే మా కంప్యూటర్. విశ్వకర్మ పూజ అంటే ఇక్కడి ఫ్యాక్టరీల్లో యంత్రాలకి చేసే పండగ. అటు ఇంట్లో మా నాన్న, స్కూలు మాస్టారు, నా పేరు మీద బి.ఎడ్. దరఖాస్తు నింపి బల్ల మీద పెట్టేశారు. సంతకం ఒక్కటే తక్కువ. ఈ ఫ్యాక్టరీ పోతే కంపెనీ లేదు, నేను పొద్దున్నే చాక్‌పీసు పట్టుకుని బడికెళ్ళాలి. బడి చెడ్డదని కాదు. కానీ నాకు ఈ పనంటే పిచ్చి.

మా ప్రోగ్రామ్ బ్రహ్మాండమైనదని మా నమ్మకం. ప్రతి సోమవారం అది నలభై పేజీల కాగితం కక్కేది. ఏ లేత్ మీద ఏ పని, ఎన్ని గంటలకి మొదలు, ఎన్ని గంటలకి ఆఖరు, అన్నీ అంకెల్లో. దాన్ని దేవుడి ప్రసాదంలా రెండు చేతుల్తో పట్టుకెళ్ళి ఫోర్‌మన్ హల్దార్ దాదాకి ఇచ్చేదాన్ని. ఆయన కళ్ళకద్దుకుని డ్రాయర్లో పెట్టేవాడు. మూడో వారం మధ్యాహ్నం అందరూ చాయ్ ముంతలు పక్కన పెట్టుకుని ఝాల్‌ముడి, అదే కారం మరమరాలు, తింటున్నారు. పొట్లాలు విప్పదీసి చూద్దును కదా, అన్నీ నా సోమవారాలే! మరమరాలకీ పచ్చిమిరపకాయలకీ మధ్యన నా లేత్ నంబర్ నాలుగు కనిపించింది.

"కాగజ్ బహుత్ అచ్ఛా హై దీదీ, నూనె పీల్చదు," అన్నాడు హల్దార్ దాదా. ఆయన వెక్కిరించలేదు, మెచ్చుకున్నాడు. నాకు అదే ఇంకా మండింది.

అసలు పని ఎలా నడుస్తోందంటే, హల్దార్ దాదా జేబులో సిగరెట్ పెట్టె అట్టముక్క ఒకటుండేది. దాని మీద ఆయనకే అర్థమయ్యే గుర్తులు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ పని ముందు. అంతే.

నేరుగా బాబాయి ఇంటికెళ్ళి ఆ నూనె కాగితాలు ఆయన ముందు పడేశాను. "మూర్ఖులు! ఒక్కడికీ చదవడం రాదు!" అన్నాను.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ చదివారు. రెండో పేజీ చదివారు. "నాకూ రాలేదు గుంటా. మరి నేనూ మూర్ఖుణ్ణేనేటి?" అన్నారు. నేను నాలుక కరుచుకున్నాను. "దర్జీవాడు కొలత తియ్యకుండా సొక్కా కుట్టీసి, పట్టనేదు, భుజాలు కోసుకోమంటే ఎవుడు కోసుకుంటాడు? రేపు నన్ను తీసుకెళ్ళు. మనుషుల్ని సూడాల."

మర్నాడు ఆయన ఫ్యాక్టరీలో కంప్యూటర్ వంక చూడనైనా చూడలేదు. ఒక్కో యంత్రం దగ్గర నిలబడి, ఒక్కొక్కడినీ "మీ నాన్న ఏటి సేసేవోడు?" అని అడిగారు. ఒకడి నాన్న ఫైర్‌మన్, ఇంకొకడి నాన్న పాయింట్స్‌మన్. లేత్ మీదున్న అప్పన్న తండ్రి గార్డు. హల్దార్ దాదా మామగారు స్టేషన్ మాస్టరు. ఈ ఊళ్ళో మరెవరుంటారు! ఇంటికొస్తూ రిక్షాలో బాబాయి ఒకటే నవ్వు. "ఒలమ్మ, ఆళ్ళకి సదవడం రాదన్నావా? ఉగ్గుపాలతో సదివినారు!"

ఆ శనివారం ఆయన తన పాత చార్టు కాగితమొకటి తీశారు. స్టేషన్ల పేర్ల చోట మా యంత్రాల పేర్లు రాశారు. లేత్, మిల్లింగ్, బోరింగ్, డ్రిల్లింగ్, ఫిట్టింగ్, టెస్టింగ్. ఒక్కో ఆర్డరూ ఒక్కో బండి. నా నలభై పేజీలూ ఒకే ఒక్క కాగితం మీదికి గీతలై దిగిపోయాయి. రంగులు పంచింది మాత్రం నేను. పెద్ద ఆర్డర్లకి మెయిలు, మధ్యవాటికి పాసింజరు, చిల్లర పనులకి గూడ్సు. ఇది గుర్తుపెట్టుకోండి, దీని సంగతి వస్తుంది.

సోమవారం ఆ కాగితం గోడకంటించగానే షాపులో యంత్రాలాగిపోయాయి. అందరూ దాని ముందు మూగారు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పాల్సిన పనిలేకపోయింది. "అరె, మంగళవారం బోరింగ్ దగ్గర రెండు బండ్లు క్రాసింగు! ఒకటి లూప్‌లో పెట్టాలి," అన్నాడు అప్పన్న. హల్దార్ దాదా వేలితో ఎర్ర గీత వెంబడి పోయి, "ఈ మెయిల్ ఫిట్టింగ్‌లో నలభై నిమిషాలు ఊరికే ఎందుకు నిలబడింది?" అని నన్నే నిలదీశాడు. నిజమే, అది మా ప్రోగ్రామ్‌లో తప్పు! ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మూడు వారాలుగా నా కాగితంలో ఝాల్‌ముడి తిన్న మనిషి నా తప్పు పట్టుకున్నాడు!

బాబాయి పెట్టిన నియమం ఒక్కటే. పని నిజంగా అయితేనే సన్నగీత మీద ముదురుగా దిద్దాలి. "అవ్వనిదాన్ని ముదురుగా గీసీకూడదు. అబద్ధం మీద రెండో బండి వొచ్చీస్తాది, గుద్దీస్తాది," అని ఎర్ర పెన్సిలు హల్దార్ దాదా చేతికిచ్చారు. ఆయన దాన్ని చెవిమీద పెట్టుకున్నాడు. సిగరెట్ అట్ట ఎప్పుడు మాయమైందో నాకు తెలీదు.

రెండు వారాలు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. పెద్ద ఆర్డర్లు ఒకటి తర్వాత ఒకటి రైట్ టైముకి వెళ్ళిపోతున్నాయి. 'మెయిల్ బోరింగ్ దాటింది!' అని షాపు ఈ చివర నుంచి ఆ చివరికి కేకలు. యజమాని గది నుంచి బయటికొచ్చి మరీ చూసి నవ్వుకునేవారు.

పూజ ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం, ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ నడిపే ఆసామి ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. ఈ ఫ్యాక్టరీకి మొట్టమొదటి నుంచీ ఉన్న ఖాతాదారు. పన్నెండు వాల్వులు చెప్పి మూడు వారాలైంది. ఉన్న వాల్వులు కారిపోతున్నాయి, చల్లదనం నిలవకపోతే రైతులు దాచుకున్న ఆలుగడ్డలు కుళ్ళిపోతాయి. హల్దార్ దాదా ఆయన్ని ఎంతో గౌరవంగా షాపు మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ బెంచీ మీద పన్నెండు పోత ముక్కలు దుమ్ము కొట్టుకుని, వాటి పక్కన సుద్దతో 'లూప్ లైన్' అని రాసి ఉంది.

"ఇవి గూడ్స్ కదా దాదా," అన్నాడు హల్దార్ దాదా సగర్వంగా. "మెయిళ్ళన్నీ పోనీ, వదులుతాం."

ఆ ముఖంలో రవ్వంత తప్పు చేసిన భావం లేదు. ఎందుకుంటుంది? ఈ ఊళ్ళో గూడ్సు బండి ఆగి ఉండటం ఎవరికైనా వింతా? గేటు దగ్గర గంటసేపు ఆగిన గూడ్సు కిందనుంచి దూరి బడికెళ్ళిన వాళ్ళం మేమందరం. మరో ఊళ్ళో అయితే ఎవరో ఒకరు 'ఈ పన్నెండింటి సంగతేంటి' అని అడిగి ఉండేవారు. ఇక్కడ ముప్పై మంది రోజూ ఆ బెంచీ పక్కనుంచి నడిచారు, ఒక్కడికీ తోచలేదు. రంగులు పంచిన నాకూ తోచలేదు. వారానికి రెండుసార్లు వచ్చి చార్టు చూసే బాబాయికీ తోచలేదు.

యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది. "బేటీ, పూజకి ముందురోజు సాయంత్రానికల్లా ఆ పన్నెండూ వ్యాన్ ఎక్కాలి. మిగతా ఏ ఆర్డరూ తప్పకూడదు. లేదంటే పూజ రోజున డబ్బాతో పాటు నువ్వూ సెలవు తీసుకో," అన్నారు. పూజ రోజున యంత్రాన్ని ముట్టరు. అంటే నాకున్నవి తొమ్మిది రోజులు. బోరింగ్ యంత్రం ఒక్కటే, దాని మీద ఎర్ర గీతలు బారులు తీరి ఉన్నాయి.

ఎర్రటి ఎండలో బాబాయి ఇంటికి నడిచాను. మూడు గంటలైంది. ఆయన పన్నెండున్నరకల్లా భోంచేసి వాలుకుర్చీలో ఉన్నారు. జరిగింది చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన మంచినీళ్ళిమ్మని చెప్పడానికి వంటింటి వైపు తిరిగి, అలాగే ఉండిపోయారు.

పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని అప్పుడు అన్నం తింటోంది. చల్లారిపోయిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన పప్పు.

"మూడైపోనాది. నువ్వు ఇప్పుడు తింటన్నావేటి?" అన్నారు బాబాయి.

"రోజూ ఎప్పుడు తింటన్నాను మరి? మీకు పెట్టి, పనిమనిషికి పెట్టి, మడత బట్టలు తీసి, మీ కాఫీకి పాలు కాసి. ఇప్పుడు కనిపించినాదేటి?"

బాబాయి లేచి వెళ్ళి వంటింటి గడప మీద కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ముప్పై రెండేళ్ళు," అన్నారు. "ఎవుడి బండి ఎక్కడాగినాదో సెప్పమంటే నిద్దట్లో సెప్పీవోణ్ణి. నా ఇంట్లో గూడ్సు రోజూ లూప్‌లో నిలబడి ఉంటే సూణ్ణేదు."

"బాగుంది, నన్ను గూడ్సు బండి సేసీసినారు!" అంది పిన్ని. పప్పన్నం కలుపుకుంటూనే నా వంక చూసింది. "ఒసే, ఏడవకు. ఏ బండికైనా డైవరంటూ ఉంటాడు కదే. గూడ్సు డైవరుకి ఆకలెయ్యదేటి?"

బాబాయి గడప మీంచి ఒక్క ఉదుటున లేచారు. "డ్యూటీ గంటలు!" అన్నారు. "ఒలమ్మ ఒలమ్మ, ఎలగ మర్సిపోయినాను! గూడ్సుని ఎంతసేపు పడితే అంతసేపు ఆపడానికి నేదు గుంటా. దాని డైవరు బండెక్కి ఎన్ని గంటలైందో మేం రాసుకునేవాళ్ళం. గంటలు దగ్గర పడితే మెయిలుని ఆపైనా దాన్ని కదపాల్సిందే. ఆ గంటలు నీ చార్టులో నేవు. మనం బండ్లు గీసినాం, మనుషుల్ని గియ్యనేదు!"

ఆ రోజు పిన్ని భోజనం పూర్తయ్యేలోపు అక్కడే నేల మీద కూర్చుని ముగ్గురం తేల్చేశాం. ఒకటి, ఏ పనైనా ఆగిన ప్రతి రోజుకీ వరసలో ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. మూడు రోజులు దాటితే నల్ల గీత ఎర్రదవుతుంది, చిన్నదైనా పెద్దదైనా. ఇది ప్రోగ్రామ్‌లో పది వరసల మార్పు, అంతే. రెండు, ప్రతి పనికీ ఒక గార్డు. పేరున్న మనిషి. ఆ పని ఎక్కడుందో, ఎందుకాగిందో అడిగితే చెప్పాల్సినవాడు. ఇది పిన్ని ఇచ్చింది. "ఆపినప్పుడు అడిగేవోడుండాల కదా, నాకెవుడున్నాడు?" అంటూ కంచం ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు హల్దార్ దాదా మొదట ఒప్పుకోలేదు. మున్సిపాలిటీ పంపుల మెయిలుని ఆపి గూడ్సుని పంపడమా, ఆయన మామగారు వింటే నవ్విపోతారట. బాబాయి మెడ నిటారుగా పెట్టి, "హల్దార్ బాబూ, కంట్రోల్ ఆర్డర్!" అన్నారు. అంతే, దాదా సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. పన్నెండు వాల్వులకి అప్పన్న గార్డు. వాడు ఆ వాల్వుల పెట్టెను వదిలితే ఒట్టు. మిల్లింగ్‌కి వెంట నడిచాడు, బోరింగ్ దగ్గర కాపలా కూర్చున్నాడు, టీకి వెళుతూ కూడా చంకన పెట్టుకోబోతే బరువుకి కుదరలేదు. నాలుగో రోజు వాళ్ళ నాన్న విజిల్ తెచ్చాడు. ఒక్కో యంత్రం దాటినప్పుడల్లా విజిల్. ఆ మోతకి యజమాని కిటికీ మూసుకున్నారు.

పూజకి ముందురోజు సాయంత్రం నాలుగున్నరకి పన్నెండో వాల్వు టెస్టింగ్‌లో నీటి ఒత్తిడికి తట్టుకుని చుక్క కారకుండా నిలబడింది. వ్యాన్ తలుపు వేశారు. అప్పన్న బుగ్గలు ఉబ్బించి విజిల్ వేశాడు. పెన్సిలు పట్టుకుని చార్టు దగ్గరికెళ్ళి, బాబాయికి ఇవ్వబోయాను. "నువ్వే దిద్దు, నీ బండే," అన్నారు బాబాయి. దిద్దాను. ఎర్ర గీతల్లో ఒక్కటీ తప్పలేదు. ఒక్కటి మాత్రం ఇరవై నిమిషాలు లేటు, దానికి కారణం కూడా హల్దార్ దాదా పక్కనే రాసిపెట్టాడు. కరెంటు పోయిందని.

పూజ రోజున ఊరంతా గాలిపటాలే. నేను ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి ఆఫీసు గదిలో కంప్యూటర్ లేదు. తీసేశారనుకున్నాను. షాపులోకి పరిగెత్తి చూస్తే, కడిగి తుడిచిన లేత్‌కీ బోరింగ్‌కీ మధ్యన ఒక బల్ల మీద అది కూర్చుని ఉంది. మెడలో మందార దండ, నుదుటిన గంధం. ఫ్లాపీ పెట్టే సందులో నిండా కుంకుమ! హల్దార్ దాదా భక్తిగా నింపాడట. ఆ కుంకుమ వదిలించడానికి నాకు మూడు రోజులు పట్టింది. అయినా ఏమీ అనలేదు. వాళ్ళు దాన్ని తమ యంత్రాల వరసలో నిలబెట్టుకున్నారు, నాకింకేం కావాలి! యజమాని నా చేతిలో కిచిడీ ఆకు పెట్టి, "బేటీ, మా తమ్ముడి ఫ్యాక్టరీ కూడా చూస్తావా?" అన్నారు. ఇంటికెళ్ళాక మా నాన్న బి.ఎడ్. దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కింద దోపారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాత ఎన్ని ఫ్యాక్టరీలకి వెళ్ళామో. బాబాయి ఓపికున్నన్నాళ్ళూ నాతో వచ్చారు. మేం ఎక్కడా మళ్ళీ రైలు చార్టు అంటించలేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనివాళ్ళు పొయ్యి వేడిని బట్టి మాట్లాడుకుంటే మా కాగితం కూడా పొయ్యిల్ని బట్టే నడిచింది. తాళ్ళ ఫ్యాక్టరీలో కాగితమే లేదు, రంగు తాళ్ళు మేకులకి వేలాడదీశాం. ప్రతిచోటా ఆయన మొదటి రోజంతా మనుషుల్నే చూసేవారు. వెళ్ళేముందు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవారు. "ఇక్కడ అందరికన్నా ఎనకాల ఎవుడు తింటాడు?" యజమానులు తెల్లముఖం వేసేవారు. పనివాళ్ళు వెంటనే చెప్పేవారు.

ఇంట్లో మాత్రం రైలు చార్టే. వంటింటి గోడ మీద రోజుకో కాగితం, అందులో పన్నెండున్నర దగ్గర ఎర్ర గీత, పిన్ని భోజనం. పిన్ని మొదట్లో పోట్లాడింది. "నాకు ఆకలెయ్యకపోతేనో?" అనేది. "మెయిలు రాకుండా నేను సిగ్నలియ్యను," అని కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు ఈయన. ఆయన కోసమైనా తినక తప్పేది కాదు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని పచ్చడి కోసం కీచులాడుకుంటూ తినడం చూడటానికి నేను పనిగట్టుకుని పన్నెండున్నరకి వెళ్ళేదాన్ని.

బాబాయి పోయిన పన్నెండో రోజు పొద్దున్న పిన్ని ఒక మడత కాగితం నా చేతిలో పెట్టింది. "పాత టైంటేబుల్ పుస్తకంలో ఉన్నాది. నీకే రాసినారు. సూసి దాసీ. ఇయ్యేళ దీంతో పనిలేదు," అంది. ఆ ఆఖరి మాట కాస్త తొందరగా అంది.

విప్పితే చార్టు. ఆయన తన పెద్దకర్మ భోజనాలకి తనే గీసుకున్నది! ఎడమవైపు స్టేషన్లు: వంట, పందిరి, వడ్డన, చెయ్యి కడుగు. బంతికి ముప్పై మంది, బంతికీ బంతికీ మధ్య నలభై నిమిషాలు. ఫ్యాక్టరీ వాళ్ళకి ఒక బంతి, మా వీధి గుడి వాళ్ళకి ఒకటి, వంటవాళ్ళకి మూడో బంతి, ఆఖరిది కాదు. అన్నీ సన్నటి పెన్సిల్ గీతలు. అన్నిటికన్నా పైన, మొదటి బంతిలో, పన్నెండున్నరకి ఒక గీత. పక్కన ఆయన చేతిరాత: 'మెయిలు. మీ పిన్ని. గార్డు: కంప్యూటర్ గుంట.'

"అది కుదరదు," అంది పిన్ని నా ముఖం చూసి. "ఊరంతా తినాల, సుట్టాలు తినాల. నేను ఎనకాల ఎప్పుడో తింటాను. ఇయ్యేళ ఒక్క రోజు లూప్‌లో పెట్టీ."

"నేను గార్డుని పిన్నీ. ఎందుకాపానని అడిగితే ఏం చెప్పను?"

పన్నెండూ ఇరవైకి ఆకులు వేశారు. వడ్డించడానికి హల్దార్ దాదా, అప్పన్న బాల్చీలు పట్టుకుని నిలబడ్డారు. బాబాయి అక్కగారు శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ. మొదటి ఆకు ముందు పిన్నిని కూర్చోబెట్టబోతున్న నన్ను చూసి, "ఇదెక్కడి సోద్యమే! ఇయ్యేళ తనే ముందు తింటాదా?" అంది. నేను చార్టు ఆవిడ చేతికిచ్చాను.

హల్దార్ దాదా బాల్చీ కింద పెట్టేశాడు. "బౌదీ బొస్లే తొబే గాడీ ఛాడ్బే," అన్నాడు నెమ్మదిగా. వదిన కూర్చుంటేనే బండి కదులుతుందని. అప్పన్న కూడా బాల్చీ దించాడు. వెనకాల ఫ్యాక్టరీ వాళ్ళు ఒక్కరూ ఆకుల వైపు రాలేదు.

పెద్దావిడ చార్టుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. గీతలు అర్థమయ్యాయో లేదో తెలీదు, తమ్ముడి చేతిరాత మాత్రం అర్థమైంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆడిది సిన్నప్పట్నుంచీ ఇదే మొండితనం. సచ్చి కూడా మనల్ని ఒగ్గడు. కూకో మరదలా, కూకో," అని తనే పిన్ని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, పక్క ఆకు ముందు తనూ కూలబడింది.

నేను వడ్డించాను. వేడివేడి అన్నం, పప్పు, నెయ్యి. చార్టు తీసుకుని పిన్నికి ఎడమపక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ అన్నం కలిపింది, కానీ ముద్ద ఎత్తలేదు. రోజూ బాబాయి కూర్చునే ఎదుటి చోటు ఖాళీగా ఉంటే, అటే చూస్తూ ఉండిపోయింది. ఎవరో దగ్గారు. తర్వాత ఆవిడ చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

"టైమెంత?" అంది.

"పన్నెండూ ముప్పై రెండు పిన్నీ."

"రెండు నిమిషాలు లేటు. కారణం మీ పెద్దత్త అని రాయి," అంది. పందిరంతా నవ్వేసింది, పెద్దావిడతో సహా. "మరి గీత దిద్దవేటి?"

నేను ఆయన జేబులో ఉండే ఎర్ర పెన్సిలు తీసి, ఆ సన్నటి గీత మీద పెట్టాను. పందిట్లోకి గాలి వచ్చి కాగితం లేవబోయింది. పిన్ని కుడి చెయ్యి అన్నంలో ఉంది. ఎడమ చెయ్యి చాచి, గీత వంకర పోకుండా, కాగితం అంచుని అదిమిపట్టుకుంది.